మోటార్‌హోమ్ వెనక జీప్: ఆరేళ్లు లాగాక నేను చెప్పగలిగేది

మాది 31 అడుగుల క్లాస్ సి మోటార్‌హోమ్, అంటే ఫోర్డ్ ఈ-450 వ్యాన్ ఛాసీ మీద కట్టిన ఇల్లులాంటి బండి. దాని వెనక నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్‌ని నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి టో బార్‌తో (రెండు బండ్లనీ కలిపే ఇనుప చేతులతో) లాగుతాం. డల్లాస్ దగ్గర ఉంటున్నాం. ఆరేళ్లలో ఈ రెండూ కలిసి 38 వేల మైళ్లు తిరిగాయి. కొత్తగా ఇలాంటి ఇంటిబండి (ఆర్‌వీ) కొన్న మనవాళ్లు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే: "వెనక కారుంటే బండి ఊగదా?"

ఊగదు. మారేది బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు. వెనక్కి రావడం అయితే అసలు కుదరదు.

మొదటి ఏడాది నేనూ జీప్ మీదే అనుమానపడ్డాను. 287 హైవే మీద అమరిల్లో వైపు వెళ్తుంటే ఆ పక్కగాలికి స్టీరింగ్ పట్టుకుని భుజాలు నొప్పి పుట్టేవి. పెద్ద ట్రక్కు దాటిపోతే బండిని ముందు పక్కకు నెట్టేది, ఆ వెంటనే తనవైపు లాక్కునేది. ఒకసారి విసుగొచ్చి జీప్ విప్పేసి మా ఆవిడ చేతికిచ్చి, అదే రోడ్డు మీద మోటార్‌హోమ్ ఒక్కటే నడిపాను. ఊపు అలాగే ఉంది! తప్పు జీప్‌ది కాదని ఆ రోజు తెలిసింది.

ట్రక్ స్టాప్‌లో తూకం వేయిస్తే విషయం బయటపడింది. ముందు ఇరుసు మీద 4,150 పౌండ్లు, వెనక ఇరుసు మీద 9,350. వెనక చక్రాలు దాటాక మా బండికి దాదాపు పదడుగుల తోక ఉంది. ఆ చివర డిక్కీలో టూల్స్, జాకీ దిమ్మలు, గొట్టాలు అన్నీ నేనే కుక్కాను. తోక చివర బరువు పెడితే అది ముందు చక్రాలను పైకి లేపుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. ఆ సామాను 150 పౌండ్ల దాకా ముందు తలుపు పక్క అరలోకి మార్చాను. ముందు టైర్లలో గాలి 80 పీఎస్ఐ ఉండేది. మా అసలు బరువుకి టైరు కంపెనీ పట్టిక ప్రకారం 65 సరిపోతుంది, అంతకు తగ్గించాను. తర్వాత వెనక ఇరుసుకి ట్రాక్ బార్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) వేయించాను. ఈ మూడూ అయ్యాక ఇప్పుడు జీప్ ఉన్నా లేకున్నా బండి గీత మీదే పోతుంది.

జీప్ ఎందుకు ఊపదో కూడా చెప్పాలి. ట్రైలర్ అయితే తన బరువులో కొంత మన తోక మీద మోపుతుంది. నాలుగు చక్రాల మీద వచ్చే కారు తన బరువు తానే మోసుకుంటుంది. దాని ముందు చక్రాలు స్టోర్‌లో తోపుడు బండి చక్రాల్లా లాగిన వైపుకి వాటంతట అవే తిరుగుతాయి. అయితే టో బార్ సమంగా ఉండాలి. మోటార్‌హోమ్ వెనక తగిలించే హిచ్‌కీ, జీప్ ముందు టో బార్ బిగించే బేస్ ప్లేట్‌కీ మధ్య ఎత్తు తేడా మూడు నాలుగు అంగుళాలు దాటకూడదు. మాకు ఆరు అంగుళాలుంటే ఎత్తు సరిచేసే డ్రాప్ రిసీవర్ పెట్టాం. లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మన తోక కిందికో పైకో దూరబోతుంది.

బ్రేకుల దగ్గర మాత్రం నేను రాజీ పడను. టో బార్ బిగించిన షాపులో "జీప్‌కి వేరే బ్రేకు అక్కర్లేదు, మోటార్‌హోమ్ బ్రేకులు చాలు" అన్నారు, నమ్మాను. మోటార్‌హోమ్ 13,500 పౌండ్లు, జీప్ 4,350. అంటే అవే బ్రేకుల మీద మూడో వంతు బరువు అదనం. బండీ, లాగేదీ కలిపి కంపెనీ పెట్టిన 22,000 పౌండ్ల పరిమితిలోనే ఉన్నాం కదా అనుకున్నాను. కానీ ఆ పరిమితిలో ఉన్నంత మాత్రాన తొందరగా ఆగుతామని కాదు. 7,834 అడుగుల ఎత్తున్న రాటన్ పాస్ కనుమ దాటి కొలరాడోలోని ట్రినిడాడ్ వైపు దిగుతున్నప్పుడు ఆ సంగతి అర్థమైంది. బ్రేకులు కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. పిల్లలు వెనక నిద్రపోతున్నారు. పక్కన ఆపుకుని గంటసేపు కూర్చున్నాం. ఇంటికి రాగానే మోటార్‌హోమ్ ఎంత గట్టిగా ఆగితే జీప్ బ్రేకు కూడా అంతే నొక్కే యూనిట్ పెట్టించాం. టో బార్ ఊడితే జీప్ దానంతట అది ఆగేలా బ్రేక్అవే స్విచ్ కూడా. ఇప్పుడు కొండ దిగేటప్పుడు పైనుంచే టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేరు పద్ధతి) వేసి, గేరు తగ్గించి, ఇంజిన్‌తోనే వేగం పట్టి ఉంచుతాను. బ్రేకు ఒకసారి గట్టిగా వేసి వదిలేస్తాను, కాలు పెట్టి ఉంచను.

ఒక్క భయం మిగిలింది, అది రాంగ్లర్ ముందు ఇరుసుది. ఒక బ్రిడ్జి అతుకు మీద 60 మైళ్ల వేగంతో ఎగిరినప్పుడు వెనక కెమెరాలో చూస్తే జీప్ ముందు చక్రాలు రెండూ టపటపా కొట్టుకుంటున్నాయి. నా స్టీరింగ్‌లో మాత్రం ఏమీ తెలియలేదు! కెమెరా లేకపోతే టైర్లు చిరిగేదాకా తెలిసేది కాదు. మెల్లగా ఆపితే తగ్గింది. ట్రాక్ బార్ బోల్టు వదులైంది, చక్రాల కుదుపు పట్టే స్టీరింగ్ డ్యాంపర్ కూడా అరిగిపోయింది. అందుకే జీప్ టైర్లకి కూడా ప్రెషర్ సెన్సర్లు పెట్టుకోండి. అక్కడ పంక్చరైనా డ్రైవర్ సీటు దాకా ఏ కబురూ రాదు.

తెనాలి నుంచి నాన్నగారు వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చుని, "ఇది ట్రాక్టరు వెనక ట్రక్కు కట్టినట్టే ఉందిరా. మరి వెనక్కి ఎలా వస్తావు?" అని అడిగారు. రాలేను నాన్నగారూ అన్నాను. ట్రక్కుని వెనక్కి తోయొచ్చు, కారుని తోయలేం. నాలుగడుగులు వెనక్కి వస్తే చాలు, జీప్ ముందు చక్రాలు పూర్తిగా ఒక పక్కకు తిరిగిపోయి కారు అడ్డంగా ఈడ్చుకుపోతుంది, టో బార్ చేతులు వంగుతాయి. ఇరుకు గ్యాస్ స్టేషన్‌లో ఒకసారి అలా ఇరుక్కుని, బిగుసుకున్న పిన్నులు సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా బయటికి వచ్చే దారి ముందే మ్యాప్‌లో చూసుకుంటాను. మలుపు తిరిగేటప్పుడు మోటార్‌హోమ్ తోక బయటికి విసురుతుంది, జీప్ లోపలి గట్టుని కోసుకొస్తుంది. కాబట్టి కూడలిలోకి బాగా ముందుకు వెళ్లి తిప్పాలి. కాలిఫోర్నియాలో వెనక ఏం లాగుతున్నా 55 మైళ్లు దాటకూడదు. నిజానికి మా బండికి ఆ వేగమే హాయి.

ఇంత చెప్పాక కూడా జీప్ లేకుండా వెళ్తానా అంటే వెళ్లను. పాలో డ్యూరో లోయలో క్యాంపు వేసుకుని ఊళ్లోకి పాలకో మందులకో వెళ్లాలంటే 31 అడుగుల ఇంటిని కదిలించనక్కర్లేదు.

జీప్‌ని కట్టేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె) న్యూట్రల్‌లో, గేరు పార్క్‌లో, స్టీరింగ్ లాక్ తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి ఉంచాలి. ఇందులో ఒక్కటి మర్చిపోయినా వేల డాలర్ల నష్టం. అందుకని బయల్దేరేటప్పుడు మా పెద్దమ్మాయి కిందే ఉండి జీప్ పక్కన నడుస్తుంది. నేను ముప్పై అడుగులు మెల్లగా ముందుకు పోనిస్తాను. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయని, ముందువి వంపుకి తిరిగాయని చూసి "ఓకే నాన్నా" అన్నాకే తను ఎక్కుతుంది, మేం రోడ్డెక్కుతాం.