పెంచ్ దాకా 44వ నంబరు రోడ్డు: పులులకు దారి దొరికింది, నిర్మల్‌కు దొరకలేదు

హైదరాబాద్ నుంచి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులోని పెంచ్ పులుల అడవికి కారులో వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ముందే చెబుతున్నా: సఫారీలో పులి కనబడినా కనబడకపోయినా, అక్కడికి తీసుకెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిని చూడటానికైనా ఒకసారి వెళ్లిరావాలి.

నాగ్‌పూర్ దాటి మన్సర్ నుంచి ఖవాసా వైపు వెళ్తుంటే రోడ్డు అడవి మధ్యలోంచి పోతుంది. పెంచ్, కాన్హా అడవుల మధ్య పులులు తిరిగేది ఈ దారిలోనే. నాలుగు వరుసలకు వెడల్పు చేస్తామన్నప్పుడు పర్యావరణ కార్యకర్తలు కోర్టుకెక్కారు. వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల రోడ్డును పైకి ఎత్తి, కింద జంతువులు నడవడానికి నేల వదిలారు. వాటిలో చిన్నది 50 మీటర్లు, పెద్దది 750 మీటర్లు. 2019లో భారత వన్యప్రాణి సంస్థ వాళ్లు కింద కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు ఆ దారిన నడుస్తున్నట్టు తేలింది. వాటిలో 11 పులులు కూడా ఉన్నాయి. పైన లారీలు పోతుంటే కింద పులి తన దారిన తాను పోతోంది! ఇంజనీర్లు, అటవీశాఖ, కోర్టుకెళ్లినవాళ్లు అందరికీ మనస్ఫూర్తిగా దండం పెట్టాలనిపించింది.

మధ్యప్రదేశ్ వైపు ఇంకో పని చేశారు. చప్పుడు, హెడ్‌లైట్ల వెలుతురు అడవిలోకి పోకుండా రోడ్డు పక్కన ఎత్తయిన రేకుల గోడలు కట్టారు. అక్కడ మనకు అడవి కనబడదు, గోడ మీదుగా చెట్ల కొసలు మాత్రం కనబడతాయి. మా బండిలో పిల్లలు కాస్త నిరాశపడ్డారు. నాకైతే అదే సరైన పని అనిపించింది. అడవిని చూడటానికి సఫారీ ఉంది, రోడ్డు మీద ఆగి ఫొటోలు తీసుకోనక్కర్లేదు.

ఖవాసా నుంచి లోపలికి తిరిగితే పెంచ్ సఫారీకి వెళ్లే తురియా గేటు. బసలో మాకు రెండు రకాల అనుభవాలూ అయ్యాయి. మొదట దిగిన రిసార్టులో గది బాగుంది, భోజనం బాగుంది. కానీ రాత్రి పొద్దుపోయేదాకా ఫ్లడ్‌లైట్లు, పాటల హోరు. అంత ఖర్చు పెట్టి రోడ్డు మీది వెలుతురును గోడలతో ఆపితే, అడవి అంచునే ఈ ఆర్భాటం ఏమిటి? నాకు బాధేసింది. మర్నాడే ఊళ్లో ఒక చిన్న హోమ్‌స్టేకి మారాం. గది సాదా, వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు. కట్టెలపొయ్యి మీద చేసిన రొట్టె, పప్పు, వంకాయ కూర కడుపునిండా పెట్టారు. నా ఓటు దీనికే. గైడ్లు కూడా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. దగ్గర్లోని పచ్‌ధార్‌లో కుమ్మరుల ఇళ్లకు వెళ్తే చక్రం మీద కుండ చేయడం చూడొచ్చు, నేరుగా వాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా అడవి గేట్లు మూసేస్తారు, అది చూసుకుని బయల్దేరండి.

దారిలో రామ్‌టెక్ కొండ గుడి ఉంది. కాళిదాసు చెప్పిన రామగిరి ఇదేనని అక్కడివాళ్లు అంటారు. సాయంత్రం వేళ పైకి వెళ్తే బాగుంటుంది. దారి పొడవునా ఆడవాళ్లకు మరుగుదొడ్లే పెద్ద సమస్య. ఒక ధాబాలో బయట రంగుల దీపాలు, లోపల చుక్క నీళ్లు లేవు. పెట్రోలు బంకులే కాస్త నయం.

ఇక తిరుగు ప్రయాణంలో నిర్మల్. బైపాస్ మీద పోతే ఈ ఊరు వచ్చిందీ తెలియదు, దాటిందీ తెలియదు. మేం పాత రోడ్డు పట్టి ఊళ్లోకి వెళ్లి బొమ్మలు చేసేచోట ఆగాం. ఒక పెద్దాయన పొణికి చెక్కతో జామపండు చెక్కి, అతుకుల మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దను బొటనవేలితో అద్దుతున్నాడు. అద్దినచోట చెక్క ఎక్కడ ఆగిందో, ముద్ద ఎక్కడ మొదలైందో చూపుకు ఆనలేదు. గిరాకీ ఎట్లుందని అడిగితే, "బైపాస్ పడ్డంక బండ్లు ఊళ్లెకు వస్తలేవు సార్. మునుపు బస్సు ఆగితే పది మంది దిగేటోళ్లు" అన్నాడు.

అదే 44వ నంబరు రోడ్డు. పులి నడిచే దారి ఎక్కడుందో వెతికి మరీ వంతెన కట్టగలిగినవాళ్లు, నిర్మల్ దగ్గర ఒక విశ్రాంతి స్థలం, అందులో శుభ్రమైన మరుగుదొడ్లు, బొమ్మలవాళ్లకు నాలుగు దుకాణాలు కట్టలేరా? రోడ్డు మధ్య గన్నేరు, కాగితపు పూల మొక్కలు బాగానే పెంచుతున్నారు. ఆ పక్కన మన చింతలు, వేపలు, మర్రులు నాటి, నీడలో నాలుగు అరుగులు వేస్తే బండ్లు వాటంతటవే ఆగుతాయి. టోలు కట్టే మనమంతా రహదారుల సంస్థకు ఈ మాట రాయాలి, నేను రాశాను. మీరు ఆ దారిన వెళ్తే మాత్రం చీకటి పడకముందే నిర్మల్ చేరేట్టు చూసుకోండి, దుకాణాలు తెరిచి ఉంటాయి, పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూడనిస్తారు.