అద్దెకు బంజారా హిల్స్‌ మేలా, జూబ్లీ హిల్స్‌ మేలా?

పుట్టుక: బంజారా హిల్స్ పాతది. తర్వాతి కాలంలో గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ ఈ గుట్టల్లో బండరాళ్లను పగలగొట్టకుండా వాటి మధ్యే ఇల్లు కట్టుకున్నారు. బంజారాల పేరే ఈ చోటికి నిలిచింది. జూబ్లీ హిల్స్ మాత్రం హౌసింగ్ సొసైటీ ప్లాట్లు వేసి పెంచిన కాలనీ. నాకు బంజారా హిల్స్ పద్ధతే నచ్చుతుంది. ఆ రాళ్లే ఈ ఊరి అందం, వాటిని పేల్చి చదును చేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఖర్చు: రెండూ ఖరీదే. బంజారా హిల్స్‌లో నందినగర్ లాంటి చోట్ల సందుల్లో వెతికితే చిన్న ఇళ్లు దొరుకుతాయి.

రాకపోకలు: జూబ్లీ హిల్స్‌కు చెక్‌పోస్ట్, పెద్దమ్మగుడి మెట్రో స్టేషన్లున్నాయి. 2020లో దుర్గం చెరువు తీగల వంతెన తెరిచాక మాదాపూర్ దగ్గరైంది. బంజారా హిల్స్ వాళ్లు మెట్రో ఎక్కాలంటే పంజాగుట్ట వైపు దిగాలి.

రిస్క్: రెండుచోట్లా ఒకటే, నీళ్లు, వాలు. అడుగున రాయి కాబట్టి బోరు మీద భరోసా వద్దు. అడ్వాన్స్ ఇచ్చేముందు ట్యాంకర్ గేటు దాకా ఎక్కగలదా, సెల్లార్‌లో వాననీటి మరకలున్నాయా చూడండి.

పొద్దున నడకకు కేబీఆర్ పార్కు ఇద్దరికీ అందుబాటులోనే ఉంది.

ఆఫీసు హైటెక్ సిటీలో అయితే జూబ్లీ హిల్స్. పని పంజాగుట్ట, ఖైరతాబాద్ వైపైతే బంజారా హిల్స్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే, ఏ హిల్స్ అయినా మెయిన్ రోడ్డుకు సమంగా ఉన్న ఇల్లే తీసుకోండి.