నీ పుస్తకం నాకు, నా పుస్తకం నీకు

మావాడికి పదమూడేళ్ళు. దేవుళ్ళూ రాక్షసులూ లేని పుస్తకం ముట్టడు. నాకేమో ఆఫీసులో రోజంతా ఎక్సెల్ షీట్లతోనే సరిపోతుంది. ఆ చాకిరీ కొంత తగ్గించుకుందామని నలభై దాటాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను. సెలవుల్లో ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వాడి పుస్తకాలు నేను చదవాలి, నావి వాడు చదవాలి. మధ్యలో వదిలేస్తే ఎందుకు వదిలేశామో చెప్పాలి. "బోర్ కొట్టింది" అంటే కుదరదు.

వాడు మొదట నా చేతిలో పెట్టింది రిక్ రియోర్డన్ రాసిన 'ది లైట్నింగ్ థీఫ్'. 2005లో వచ్చిన పుస్తకం. పన్నెండేళ్ళ పెర్సీ తన కథ తనే చెబుతాడు. మొదటి అధ్యాయం పేరులోనే లెక్కల టీచర్ ఆవిరైపోతుంది, ఇక పిల్లలు పుస్తకం కింద పెడతారా? నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. పెర్సీకి డిస్లెక్సియా. ఇంగ్లీషు అక్షరాలు వాడి కళ్ళ ముందు ఈదులాడుతుంటాయి. వాడి బుర్ర ప్రాచీన గ్రీకు చదవడానికి తయారై పుట్టింది కాబట్టి అలా జరుగుతోందని తర్వాత తెలుస్తుంది. చదువు రాదని అందరూ తేల్చేసిన పిల్లాడికి అంతకంటే మంచి కబురు ఇంకేముంటుంది! కాకపోతే గ్రీకు దేవతల చుట్టరికాలు నాకు ఒక పట్టాన ఎక్కలేదు. ఎవరు ఎవరి సంతానమో కాగితం మీద గీసుకుంటుంటే మావాడు పక్కనే కూర్చుని నవ్వాడు.

రెండో పుస్తకంతో లెక్క తిరగబడింది. రోషనీ చోక్షి రాసిన 'ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్', 2018 నాటిది. పాండవుల ఆత్మలు ఈ కాలంలో ఆడపిల్లలుగా పుడతాయి. ఆరూ ఇంద్రుడి కూతురు. బడిలో గొప్పలకు పోయి అబద్ధాలాడి, అవి నిజమని నిరూపించుకోబోయి ముట్టుకోకూడని దీపం వెలిగిస్తుంది. వెంటనే కాలం ఆగిపోతుంది. తోడుగా వచ్చే మినీ యమధర్మరాజు కూతురు. ఆ పిల్లకి ప్రతిదీ టెన్షనే, ఏది తాకితే ఏ జబ్బు వస్తుందో అన్న ఆలోచనే. చావుకి అధిపతి కూతురికి చావంటే అంత భయం పెట్టడం నాకు భలే నచ్చింది. వజ్రాయుధం బంగారు రంగు పింగ్‌పాంగ్ బంతిలా దొరుకుతుంది. వీళ్ళకి దారి చూపించే పావురం అసలెవరో నేను చెప్పను. భారతం తెలిసినవాళ్ళు ఆ పేజీ దగ్గర కుర్చీలోంచి లేస్తారు.

ఇందులో నేను రెండుసార్లు చదివిన భాగం మయసభది. మనకి మయసభ అంటే దుర్యోధనుడు కాలు జారి పడటం, ఎవరో నవ్వడం, అంతే. ఆ తర్వాత ఆ భవనం ఏమైందని మనం ఎప్పుడైనా అడిగామా? ఇక్కడ అది పాండవులు వదిలేసి వెళ్ళిపోయారని మనసు కష్టపెట్టుకుని కూర్చున్న ఇల్లు. ఇంటికి అలిగే హక్కు ఇచ్చిన రచయిత్రికి మిగతా తప్పులు సగం క్షమించేశాను. మిగతా సగం ఏంటంటే, జోకులు మరీ ఎక్కువ. ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు కూడా ఏదో సినిమా మాట పడుతుంది. మావాడికి అవే ఇష్టం, నాకు అవే అడ్డం. అయితే మయుడు ఎవరు, ఖాండవ వనం ఎందుకు తగలబడింది అని వాడు నన్ను రోజుకో ప్రశ్న అడిగాడు. ఈసారి కాగితం మీద గీసింది వాడు.

నేను వాడికిచ్చింది ఆల్ స్వైగార్ట్ 'ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్'. ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. మొదటి సగం భాష నేర్పుతుంది, రెండో సగం ఫైళ్ళ పేర్లు మార్చడం, ఎక్సెల్ షీట్లు నింపడం లాంటి నా బాపతు పనులు. కొనేవాళ్ళు 2015 నాటి మొదటి కూర్పు మాత్రం తీసుకోకండి. పైథాన్‌తో ఎక్సెల్ ఫైళ్ళు నడిపించడానికి ముందే రాసిపెట్టిన కోడ్ (లైబ్రరీ) ఉంటుంది, అందులో కొన్ని ఫంక్షన్ల పేర్లు ఆ తర్వాత మారాయి, పుస్తకంలో ఉన్నట్టే రాసినా ఎర్రర్ వస్తుంది. కొత్త కూర్పు చూసుకోండి.

మొదటి అధ్యాయంలోనే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. పేరు అడిగి, అందులో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుంది. మావాడు పేరు బదులు "తెలుగు" అని టైప్ చేశాడు. ఆరు అంది.

"అమ్మా, దీనికి లెక్క రాదు."

మూడక్షరాల మాటకి ఆరెందుకో ఆ పుస్తకం అక్కడ చెప్పదు. అందుకే వాడికి రెండోది ఇచ్చాను, ఛార్లెస్ పెట్‌జోల్డ్ 'కోడ్'. 1999లో వచ్చింది, 2022 నాటి రెండో కూర్పులో ఆస్కీ నుంచి యూనికోడ్ దాకా, అంటే కంప్యూటర్ అక్షరాలకీ గుర్తులకీ తలో సంఖ్య ఇచ్చే పద్ధతుల మీద, ఒక అధ్యాయం ఉంది. మొదలు మాత్రం రాత్రి దీపాలార్పాక ఎదురింటి నేస్తంతో టార్చిలైటుతో మాట్లాడుకోవడం. అక్కణ్ణుంచి మోర్స్, బ్రెయిల్, టెలిగ్రాఫ్ రిలేలు, చివరికి కంప్యూటర్. మొదటి మూడోవంతు ఏ పిల్లలైనా చదువుతారు. ఒక్కో బిట్‌ని గుర్తుపెట్టుకునే సర్క్యూట్లు, ఫ్లిప్‌ఫ్లాప్‌ల దగ్గర మావాడు ఆగిపోయాడు. "వైర్లు వెతుక్కుంటూ కథ మర్చిపోయాను" అన్నాడు. కారణం చెల్లింది. యూనికోడ్ అధ్యాయం మాత్రం విడిగా చదివాడు. త ఒకటి, ఎత్వం ఒకటి, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు.

ముఖచిత్రం మీద మాంత్రికుడున్నాడని వాడు నా అలమరలోంచి ఇంకొకటి లాగాడు, ఎంఐటీలో పాఠ్యపుస్తకంగా వాడిన 'స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్'. మొదటి అధ్యాయంలోనే వర్గమూలాలు, సమాకలనం. బొమ్మ చూసి మోసపోకండి, ఇది పెద్దయ్యాక.

ఇప్పుడు వాడి ప్రోగ్రామ్ గుణింతపు గుర్తులు వదిలేసి లెక్కపెడుతోంది. తెలుగుకి మూడు అంటోంది. కృష్ణకి కూడా మూడే అంటోంది, ఒత్తు సంగతి ఇంకా తేలలేదు. ఆరూ షా రెండో భాగం నా దిండు పక్కన పెట్టి వెళ్ళాడు.