ఒక సీసా, ఐదు సాయంత్రాలు

గత కొన్ని నెలలుగా రోజువారీగా తాగుతూ వచ్చిన వైన్లలో ఆరింటి మీద నా అభిప్రాయాలు ఇక్కడ రాస్తున్నాను. ప్రత్యేక సందర్భాల కోసం దాచిపెట్టుకునే సీసాలు వీటిలో లేవు. పని ముగించుకుని వచ్చిన సాయంత్రం పెద్దగా ఆలోచించకుండా మూత తీయగలిగిన రకాలే ఇవన్నీ. తయారుచేసినవారి పేర్లు కావాలనే ఇవ్వడం లేదు. ఒక ప్రాంతపు వైన్లన్నింటిలో ఉమ్మడిగా కనిపించే స్వభావం మీదే నా దృష్టి ఉంది. పైగా ఈ ఆరింటిలో ఒకటి చెడిపోయిన సీసా, దాన్ని పట్టుకుని ఒకరి పేరు బయటపెట్టడం న్యాయం కాదు.

వైన్ సమీక్షలు చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఒక అసంతృప్తి మిగిలేది. అవి చాలావరకు ఒకటి రెండు గుక్కల తీర్పులు. వరుసగా పేర్చిన పాతిక గ్లాసుల్లో గట్టిగా అరిచే వైన్‌కే అక్కడ మార్కులు ఎక్కువ పడతాయి. ఇంట్లో తాగేవాడి పరిస్థితి వేరు. సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటాయి, నేను సాయంత్రానికి 150కి మించి పోసుకోను, అంటే ఒక సీసాతో ఐదు సాయంత్రాలు కాపురం చేయవలసి ఉంటుంది. అందుకే ప్రతి సీసానూ ఐదు సాయంత్రాలు గమనించి, ఏ రోజు అభిప్రాయం ఆ రోజే, నిన్నటి పేజీ తిరగేయకుండా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఎర్ర వైన్ అయినా తెల్ల వైన్ అయినా మిగిలినది మూత బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచాను, ఎందుకంటే గాలి తగిలిన వైన్ చల్లదనంలో నెమ్మదిగా పాడవుతుంది. ఎర్ర వైన్‌ను తాగడానికి అరగంట ముందు బయట పెడితే సరిపోతుంది.

గ్లాసు కూడా ఒక్కటే వాడాను. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో రుచి పరీక్షల కోసం నిర్ణయించిన ఆకారం అది. నిండా పోస్తే సుమారు 215 మిల్లీలీటర్లు పడుతుంది కానీ పోయవలసింది 50 మాత్రమే. పొట్ట వెడల్పుగా, నోరు ఇరుకుగా ఉండడం వల్ల గ్లాసును తిప్పినప్పుడు లేచిన వాసన బయటికి చెదిరిపోకుండా ముక్కు దగ్గరే నిలుస్తుంది. చూడడానికి అందమైనదేమీ కాదు, కాస్త మందుల దుకాణపు సామగ్రిలా ఉంటుంది. అయినా ఆరు వైన్లకూ ఒకే కొలత ఉండాలంటే ఇంతకన్నా నమ్మకమైనది నాకు దొరకలేదు.

మొదటిది మస్కడే. ఫ్రాన్స్‌లో లువార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట, నాంత్ నగరం చుట్టుపక్కల పండే మెలోన్ ద బుర్గోన్ అనే ద్రాక్షతో దీన్ని చేస్తారు. పేరు విని మస్కట్ ద్రాక్ష అనుకునేవారు ఉన్నారు, రెండింటికీ సంబంధం లేదు. పులిసిన తరువాత అడుగున చేరే ఈస్ట్ మడ్డిని తీసివేయకుండా, చలికాలమంతా దాని మీదే ఉంచి నేరుగా సీసాల్లోకి ఎక్కించిన రకం నేను తాగినది. వాసన తక్కువ, నిమ్మతొక్క గీరినట్టుగా ఒక చిన్న ఘాటు, నాలుక మీద సన్నని చిటపట, ఆఖరున కొద్దిపాటి ఉప్పదనం. ఇది మొదటి సాయంత్రం ఎంత బాగుందో రెండో సాయంత్రమూ అంతే బాగుంది. మూడో సాయంత్రానికి చిటపట పోయి, పులుపు ఒక్కటే మిగిలింది. దీనికి రెండు రోజులే ఆయుష్షు అనుకుని, తోడుగా మరొకరు ఉన్నప్పుడు మాత్రమే తెరవడం మంచిది.

రెండోది ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతపు ఎర్ర వైన్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆరింటిలో నా అంచనాను పూర్తిగా తలకిందులు చేసినది అదే. దీన్ని చేసే గామే అనే ద్రాక్షకు చాలాకాలంగా మంచి పేరు లేదు. 1395లో బుర్గుండీ ప్రభువు ఫిలిప్ ద బోల్డ్ దాన్ని తన నేలల నుంచి పీకివేయమని ఆజ్ఞాపించాడు. ఇక నవంబరు మూడో గురువారం విడుదలయ్యే కొత్త వైన్ హడావుడి వల్ల బోజొలే అంటే అరటిపండు వాసన వేసే పలుచని పానీయమన్న అభిప్రాయం నాకూ ఉండేది. ఆ వాసనకు కారణం తయారీలో ఉంది. ద్రాక్షను నలపకుండా గుత్తులకు గుత్తులుగా తొట్టిలో వేసి, కార్బన్ డయాక్సైడ్ నింపి మూసివేస్తే, పండు లోలోపలే పులియడం మొదలవుతుంది. తొక్క నుంచి రంగు దిగుతుంది కానీ వగరు అంతగా దిగదు, పండు వాసన మాత్రం రెట్టింపుగా నిలుస్తుంది.

నేను తీసుకున్నది ఆ ప్రాంతపు ఉత్తర భాగంలో, సొంత పేరుతో అమ్ముకునే అర్హత ఉన్న పది గ్రామ ప్రాంతాల్లో ఒకటైన మొర్గోన్‌ది. చీటీ మీద బోజొలే అన్న మాట వెతికినా పెద్దగా కనిపించదు, కనుక తెలియనివారు దాన్ని దాటిపోతారు. మూత తీసిన సాయంత్రం అది ముడుచుకుని కూర్చుంది. గ్లాసు ఎంత తిప్పినా, అరచేతుల మధ్య పెట్టి ఎంత వెచ్చబరిచినా, మాగని నేరేడుపండు వగరు తప్ప ఏమీ ఇవ్వలేదు. పుస్తకంలో ‘మాట్లాడదు’ అని ఒక్క మాట రాసి మూసేశాను. రెండో సాయంత్రం నేరేడు మాగింది. మూడో సాయంత్రం గ్లాసు ఇంకా మూతి దాకా రాకముందే ఎండిన గులాబి రేకుల వాసన, దాని వెనకే తొలకరి చినుకులు పడిన మట్టి వాసన వచ్చాయి, వగరు మెత్తబడి పులుపులో కలిసిపోయింది. ఆ రోజు నా లెక్క ప్రకారం 150 పోసుకుని, మరో 50 పోసుకున్నాను. అయిదో సాయంత్రానికి కొంచెం అలసిపోయింది కానీ పాడవలేదు. పరీక్షల బల్ల మీద ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే ఈ వైన్‌కు నేను కనీస మార్కులు కూడా వేసేవాణ్ణి కాదు.

ఇక్కడ వగరు అన్న మాట గురించి ఒక ముక్క. ఇంగ్లీషులో వైన్ గురించి చదివేటప్పుడు ఈ రుచిని ఇచ్చే టానిన్ అనే పదార్థాన్ని వర్ణించడానికి ఎండిపోవడం, పట్టేయడం, గరుకుగా ఉండడం అంటూ నానా తంటాలు పడడం చూస్తాం. మనకు ఆ ఇబ్బంది లేదు. పచ్చి అరటికాయ కొరికిన పిల్లవాడికి కూడా వగరు అంటే ఏమిటో తెలుసు. పులుపు నోట్లో నీళ్ళూరిస్తే వగరు ఉన్న నీటిని లాగేస్తుంది. ఎర్ర వైన్ రుచి చూసేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా గుర్తించగలిగితే సగం పని అయినట్టే. మరీ చల్లగా ఉన్నప్పుడు వగరు పైకి లేస్తుందనీ, తీపి తగ్గినట్టు అనిపిస్తుందనీ నోటు పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది.

మూడోది జర్మనీలోని మోజెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్, అక్కడి తరగతుల్లో తేలికైనదైన కాబినెట్ రకం. నిటారుగా ఉండే పలకరాతి వాలుల మీద పండే ఈ ద్రాక్ష రసంలో చక్కెర అంతా పులిసిపోకముందే పులియడాన్ని ఆపివేస్తారు కనుక ఆల్కహాల్ 8 శాతం దగ్గర ఆగిపోయింది. తీపి ఉంది, కానీ తీపి వైన్ తాగుతున్నట్టు ఉండదు, ఎందుకంటే వెంటనే పులుపు వచ్చి దాన్ని తుడిచిపెట్టేస్తుంది. ముక్కుకు మొదట పచ్చి యాపిల్, ఆ తరువాత, కంగారుపడవద్దు, లీలగా కిరసనాయిలు వాసన వస్తాయి. రీస్లింగ్ నిల్వ ఉన్నకొద్దీ పెరిగే ఒక సహజ పదార్థం వల్ల వచ్చేదే అది, సీసా చెడిపోయిందన్న గుర్తు కాదు. కొందరు దీన్ని సహించలేరు. నాకు మాత్రం అది లేని రీస్లింగ్ ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఐదు సాయంత్రాల పరీక్షలో ఇదే మొదటి స్థానం. ఆఖరి గ్లాసు మొదటి గ్లాసుకు ఏమాత్రం తీసిపోలేదు. ఒకటే ఫిర్యాదు: ఆల్కహాల్ తక్కువ కదా అని 150 దగ్గర చెయ్యి ఆగదు.

నాలుగోది చెడిపోయినది. అది పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్, సహజమైన బెరడు బిరడా వేసిన సీసా. మొదటి సాయంత్రం దుర్వాసనేమీ లేదు, అదే నన్ను మోసం చేసింది. పండు వాసన ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు అందీ అందకుండా ఉంటే, మొర్గోన్ నేర్పిన పాఠం గుర్తుచేసుకుని, ఇదీ తెరుచుకుంటుందిలే అని ఎదురుచూశాను. రెండో సాయంత్రం వానకు తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. మూడో సాయంత్రం నెమ్ము పట్టిన గది తలుపు తెరిచినట్టే ఉంది. ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం చేసే పని ఇది. 1981లో స్విట్జర్లాండ్ పరిశోధకుడు హాన్స్ టానర్ దీన్ని బిరడా దోషానికి కారణంగా గుర్తించాడు. లీటరులో కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కు పసిగడుతుంది, అంతకన్నా తక్కువ ఉంటే పసిగట్టలేకపోయినా వైన్ నిర్జీవంగా తోస్తుంది. ఆహార పదార్థాలకు చుట్టే పలుచని ప్లాస్టిక్ పొరను ఉండలా చుట్టి వైన్‌లో ముంచితే ఆ రసాయనాన్ని కొంత పీల్చుకుంటుందని విని, అదీ చేసి చూశాను. వాసన తగ్గిన మాట నిజమే కానీ మిగిలినది రంగునీళ్ళే. అమ్మినవారి దగ్గరికి మూడు రోజుల తరువాత, సగం ఖాళీ అయిన సీసాతో వెళ్ళాను కనుక వాళ్ళు తల అడ్డంగా ఊపారు. నిండుగా ఉండగానే తీసుకువెళ్ళి ఉంటే మార్చేవారేమో. ముడుచుకున్న వైన్ గాలి తగిలితే మెరుగుపడుతుంది, బిరడా దోషం ఉన్నది ఇంకా దిగజారుతుంది. ఈ తేడా కనిపెట్టడానికి ఒక గంట చాలు, నేనే అనవసరంగా మూడు రోజులు ఆశపడ్డాను.

ఐదోది ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయలోని క్రోజ్ ఎర్మిటాజ్ నుంచి వచ్చిన సిరా. మన చెవికి ఈ ద్రాక్ష పేరు కలంలో పోసుకునే సిరాలా వినిపిస్తుంది, గ్లాసులో దాని ముదురు ఊదా నలుపు రంగు చూస్తే ఆ పేరు తప్పనిపించదు. మూత తీసిన వెంటనే అప్పుడే దంచిన మిరియాల వాసన గుప్పుమంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన మిత్రుడికి ఒక గ్లాసు ఇచ్చి, ఏం తెలుస్తోంది అని అడిగాను.

“నల్లద్రాక్ష, కొంచెం పొగ వాసన. ఇంకేం ఉంది?” అన్నాడు.

“మిరియాలు రావడం లేదా?”

“ఎక్కడ? నన్ను ఆట పట్టించడానికి అంటున్నావా?”

నేను నవ్వేశాను కానీ అతని ముక్కును తప్పుపట్టవలసిన పని లేదు. ఆ వాసనకు మూలమైన రొటుండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో సిరాలో గుర్తించి ప్రకటించారు, ప్రతి ఐదుగురిలో ఒకరికి దాదాపుగా అది తెలియనే తెలియదని కూడా ఆ పరిశోధనలోనే తేలింది. అంటే మేమిద్దరం ఒకే సీసాలోంచి రెండు వేర్వేరు వైన్లు తాగాము. అతనికి ఇది మామూలు నల్లద్రాక్ష వైన్, నాకు ఈ ఆరింటిలో అత్యంత ఘాటైనది. మిరియాల వాసన మూడో సాయంత్రం దాకా తగ్గలేదు. నాలుగో రోజున వైన్ చప్పబడింది.

అదే రాత్రి మిత్రుడు ప్రతీకారంగా నాకు ఒక పరీక్ష పెట్టాడు. రంగు కనిపించని కప్పులో, ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన మొర్గోన్ మిగులును పోసి చేతికిచ్చాడు. నేను ఎంతో ఆలోచించి, బరువైన తెల్ల వైన్ అని తేల్చాను. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్ళు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారని 2001లో వెలువడిన పరిశోధన ఒకటి ఉంది. అది చదివినప్పుడు వాళ్ళ మీద నవ్వుకున్న సంగతి ఆ సమయంలో నాకు గుర్తుకొచ్చింది. ఈ సమీక్షలో నేను ఇచ్చిన రంగులూ వాసనలూ ఎంతవరకు నమ్మాలో చదివేవారే నిర్ణయించుకోవచ్చు.

చివరిది స్పెయిన్‌లోని రియోహా, క్రియాన్సా తరగతి. కనీసం రెండేళ్ళు నిల్వ ఉంచి, అందులో ఒక ఏడాదైనా ఓక్ పీపాలో గడపాలన్నది ఆ తరగతి ఎర్ర వైన్లకు నియమం. నేను తాగినది అమెరికన్ ఓక్ పీపాలో పెట్టినదని సీసా వెనుక రాసి ఉంది, రాయకపోయినా తెలిసిపోయేది, ఎందుకంటే ఆ చెక్క నుంచి వచ్చే కొబ్బరి వాసన పండు వాసనను మూసేసింది. ఆ కొబ్బరి వాసన మొదటి రోజు ముద్దుగానే అనిపించింది. ఐదు రోజులూ అదే వాసన, అదే మోతాదులో, ఒక్క అక్షరం మారకుండా వచ్చింది. సీసా నిలకడకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు కానీ ఐదో రోజు పేజీలో నేను ‘నిన్నటిలాగే’ అని రాసి, గ్లాసు సగంలోనే వదిలేశాను.

మళ్ళీ తెచ్చుకోవలసినవాటిలో రీస్లింగ్, మొర్గోన్ ఉన్నాయి. సిరా కూడా ఉంది కానీ మిత్రుడు వచ్చే రోజున దాన్ని తెరవను. మొర్గోన్ రెండో సీసా నిన్ననే తీశాను. అనుకున్నట్టే ఒక్క మాటా మాట్లాడలేదు, ఎల్లుండి దాకా దాని జోలికి పోకుండా ఫ్రిజ్‌లో వెనక వరుసలో పెట్టాను.