యమహా పీఎస్ఆర్-ఈ373: అసలు సంగతంతా వెనకున్న యూఎస్‌బీ పోర్టులో ఉంది

యమహా పీఎస్ఆర్-ఈ373 మ్యూజిక్ కీబోర్డు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని వెనక్కి తిప్పి చూడరు. అడాప్టర్ గుచ్చడానికి, పెడల్ పెట్టడానికి తప్ప అటువైపు పనేముంటుంది? కానీ అక్కడే చదరంగా ఒక యూఎస్‌బీ పోర్టు ఉంది. ప్రింటర్‌కి వాడే కేబుల్ దానికి సరిగ్గా పడుతుంది. నేను కొన్న షాపులో "అది కంప్యూటర్ వాళ్లకండీ, మీకు అక్కర్లేదు" అన్నారు. ఇప్పుడు ఎవరైనా ఈ కీబోర్డు ఎలా ఉంది అని అడిగితే నేను ముందు ఆ పోర్టు గురించే చెబుతున్నాను.

మామూలు రివ్యూల్లో దొరికే విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఇది 2020లో వచ్చిన మోడల్. 61 మీటలు, నొక్కే బలాన్ని బట్టి శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. 622 వాయిస్‌లు (అంటే వాద్యాల శబ్దాలు), ఒకేసారి 48 నోట్లు పలికే సత్తా. పియానో ఈ ధరలో చాలా బాగుంది. హార్మోనియం భజనకి హాయిగా సరిపోతుంది. స్ట్రింగ్స్ కాస్త పలచగా, పైపైన మెరుస్తున్నట్టు ఉంటాయి. తేలిగ్గా ఉంటుంది కాబట్టి చంకలో పెట్టుకుని గుడికి తీసుకెళ్లొచ్చు. నోటు పలుకుతుండగా శ్రుతిని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ వీల్ లేదు. శబ్దాన్ని మార్చుకునే నాబ్‌లూ లేవు.

ఆ వీల్ లేకపోవడమే నాకు పెద్ద లోటుగా అనిపించింది. చిన్నప్పుడు తెనాలిలో కొన్నాళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు భజన మండలిలో కీబోర్డు వాయిస్తాను, మా వీధి పిల్లలకి నేర్పుతాను. వయొలిన్ మీద రిషభం నుంచి గాంధారానికి వేలు జారితే వచ్చే ఆ నడక కీబోర్డు మీద రాదు. రి అంటే రి, గ అంటే గ. మధ్యలో ఏమీ ఉండదు. మన సంగీతానికి ప్రాణం ఆ మధ్యలోనే ఉంది కదా! ఈ కీబోర్డు లోపల ఆ పని చేసే ఏర్పాటు ఉంది. పైన వీల్ పెట్టలేదు, అంతే.

ఆ ఏర్పాటు దగ్గరికి వెళ్లే దారే మిడీ. మిడీ కేబుల్‌లో శబ్దం ప్రయాణించదు, ఆజ్ఞలు ప్రయాణిస్తాయి. హోటల్లో సర్వర్ వంటింటికి పంపే చీటీ లాంటిది అది: ఏ నోటు, ఎంత బలంగా, ఏ వాయిస్‌లో, ఎంత వంచి అని రాసి ఉంటుంది. వండేది మాత్రం కీబోర్డు లోపలి చిప్పే. ప్యానెల్ మీద బటన్లతో మనం రాయగలిగేవి కొన్ని రకాల చీటీలే. ఫోనో ల్యాప్‌టాప్పో తగిలిస్తే మిగతావి కూడా రాయొచ్చు. ప్యానెల్ నుంచి ఎంత చేసినా మెయిన్, డ్యూయల్, స్ప్లిట్ కలిపి మూడు వాయిస్‌లే పలుకుతాయి. మిడీ ద్వారా అయితే 16 చానెళ్లు, ఒక్కో దానికి వేరే వాయిస్.

కలపడానికి ఖర్చు పెద్దగా లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ప్రింటర్ కేబుల్‌కి తోడు ఆ కేబుల్‌ని ఫోన్‌కి తగిలించే ఒక చిన్న ఓటీజీ కన్వర్టర్ చాలు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి మిడీ సదుపాయం ఫోన్‌లోనే ఉంది. ప్లే స్టోర్‌లో మిడీ కంట్రోలర్ అని వెతికితే బోలెడు యాప్‌లు వస్తాయి. వాటిలో తెర మీద పిచ్ వీల్ ఉన్నదీ, కీబోర్డు నుంచి వచ్చిన నోట్లను తిరిగి దానికే పంపే 'త్రూ' ఆప్షన్ ఉన్నదీ ఎంచుకోండి. ఈ రెండోది ఎందుకంటే, చాలామంది విసుగెత్తి వదిలేసేది సరిగ్గా ఇక్కడే.

యాప్ తెరుస్తారు, వీల్ మీద వేలు పెట్టి పైకి జరుపుతారు, రెండో చేత్తో కీబోర్డు వాయిస్తారు. ఏమీ వంగదు. పాడైందేమో, కేబుల్ బాగాలేదేమో అని టెన్షన్ పడతారు. నిజానికి అన్నీ బాగానే ఉంటాయి. ఈ కీబోర్డు తయారైన తీరే అంత: బయటి నుంచి వచ్చే మిడీ ఆజ్ఞలు 16 చానెళ్లున్న లోపలి వాద్యానికి వెళతాయి. మీ వేళ్ల కింద పలికే ప్యానెల్ వాయిస్‌ని అవి తాకవు. మీరు వాయించే సితార్, యాప్ వంచే సితార్ రెండూ వేర్వేరు. ఇంత ముఖ్యమైన విషయం మాన్యువల్‌లో ఎక్కడో వెనక పేజీల్లో ఉండటం నాకు నచ్చలేదు.

దీనికి విరుగుడు లోకల్ కంట్రోల్. ఫంక్షన్ బటన్ నొక్కి, 'లోకల్' అనేది వచ్చేదాకా జరిపి, ఆఫ్ చేయండి. ఇప్పుడు మీటలు నొక్కితే కీబోర్డు మూగబోతుంది. కంగారు పడకండి, మనకు కావలసింది అదే. మీటలకీ చిప్‌కీ మధ్య ఉన్న సొంత దారి తెగింది. నోటు ఇప్పుడు కేబుల్ గుండా ఫోన్‌కి వెళ్లి, 'త్రూ' ఆన్ చేసి ఉంటే మళ్లీ వెనక్కి వచ్చి పలుకుతుంది. దారిలో దానికి మనం ఏం కలిపినా కలిసే వస్తుంది. నా ఫోన్‌లో ఆ రాకపోకలకి పట్టే ఆలస్యం వేలికి తెలియడం లేదు. అయిపోయాక లోకల్‌ని మళ్లీ ఆన్ చేయడం గుర్తుపెట్టుకోండి, లేకపోతే పిల్లలు వచ్చి కీబోర్డు చచ్చిపోయిందంటారు.

ఇక కల్యాణి రాగం తీసుకుందాం. షడ్జమం సి మీద పెడితే చతుశ్రుతి రిషభం డి, అంతర గాంధారం ఇ. రెండింటికీ మధ్య రెండు సెమీటోన్ల దూరం (నల్లవీ తెల్లవీ కలిపి పక్కపక్క మీటల మధ్య దూరం ఒక సెమీటోన్). పిచ్ బెండ్ వీల్‌ని చివరిదాకా తోస్తే మామూలుగా శ్రుతి పెరిగేది కూడా సరిగ్గా రెండు సెమీటోన్లే. అంటే కుడి చేత్తో రి పట్టుకుని, ఎడమ బొటనవేలితో తెర మీద వీల్‌ని మెల్లగా పైదాకా జరిపితే గాంధారం మీదకి జారు పడుతుంది, అచ్చంగా శ్రుతిలో. ప్రోగ్రామ్ 112లో (మిడీలో వాయిస్ నంబరుని ప్రోగ్రామ్ అంటారు) ఉన్న షెహనాయి వాయిస్‌తో దీన్ని మొదటిసారి విన్నప్పుడు మా పిల్లలు ఆట ఆపి వచ్చి నిలబడ్డారు. సా నుంచి పా దాకా జారాలంటే రెండు సెమీటోన్లు చాలవు, ఏడు కావాలి. దానికీ దారుంది: మిడీలో కంట్రోల్ అనే నంబర్ల ఆజ్ఞలుంటాయి, యాప్‌లో కంట్రోల్ 101కి సున్నా, 100కి సున్నా, తర్వాత 6కి ఏడు పంపండి. అయితే పరిధి పెరిగేకొద్దీ వేలు కొంచెం కదిలినా శ్రుతి తప్పుతుంది. నేను రెండు దగ్గరే ఉంచుకుంటాను. తోడి గాంధారం లాంటి పెద్ద కంపితానికి ఇది చాలదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ జారులు, చిన్న ఊపులు నిజంగా వస్తాయి. ఇంత చవక కీబోర్డు మీద అది నాకు పెద్ద విషయం.

రెండోది, వాయిస్ స్వభావాన్నే మార్చడం. మిడీలో కంట్రోల్ 71 నుంచి 74 దాకా నాలుగు అంకెలు ఇందుకే. 74 తగ్గిస్తే శబ్దంలో మెరుపు తగ్గి మెత్తగా, నిండుగా అవుతుంది. 71 పెంచితే ఒక రకమైన ముక్కు గొంతు వస్తుంది. 73 నోటు మెల్లగా పైకి లేవడానికి పట్టే సమయం, 72 మీట వదిలాక తోక ఎంతసేపు సాగాలన్నది. అన్నిటికీ మధ్య విలువ 64, అక్కడ ఉంటే ఏ మార్పూ లేనట్టు. ముందు నేను పలచగా ఉన్నాయన్న స్ట్రింగ్స్ తీసుకోండి. ప్రోగ్రామ్ 49 పెట్టి, 74ని 40కి దించి, 73ని 85కి, 72ని 80కి పెంచి ఎడమ చేత్తో కింది స్థాయిలో సా-పా పట్టుకుని చూడండి. ఆ పైపై మెరుపు పోయి, గొంతు వెనక నిలబడే శబ్దం వస్తుంది. మా మండలిలో పాడే అత్తయ్యగారికి ఇదంతా ఏమీ తెలియదు. "ఇవాళ కీబోర్డు గొంతుకి అడ్డం రావట్లేదమ్మా" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి!

ఫోన్ తెర మీద ఇన్ని స్లైడర్లు జరపడం కష్టంగా ఉంటే ల్యాప్‌టాప్ వాడండి. నేను రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. దానితోపాటే వచ్చే రియాకంట్రోల్‌మిడీ అనే ప్లగిన్‌లో బ్యాంక్, ప్రోగ్రామ్, కంట్రోల్ స్లైడర్లు అన్నీ ఒకే కిటికీలో కనిపిస్తాయి. ట్రాక్ ఇన్‌పుట్ కీబోర్డే, మిడీ అవుట్‌పుట్ కూడా కీబోర్డే. ఆ ప్రాజెక్ట్‌ని సేవ్ చేసుకుంటే మీ శబ్దాలూ సేవ్ అయినట్టే. ఇది చాలా అవసరం, ఎందుకంటే మిడీతో పంపిన ఈ మార్పులను కీబోర్డు దాచుకోదు. స్విచ్ ఆపితే అన్నీ పోతాయి.

ఏ వాయిస్‌కి ఏ నంబరన్నది యమహా సైట్‌లో ఉచితంగా దొరికే డేటా లిస్ట్ పీడీఎఫ్‌లో ఉంటుంది. ప్రతి వాయిస్ పక్కన ఎంఎస్‌బీ, ఎల్ఎస్‌బీ (ఈ రెండూ కలిసి బ్యాంక్ నంబరు), ప్రోగ్రామ్ అని మూడు అంకెలు. ఒక మెలిక: ఆ పట్టికలో ప్రోగ్రామ్‌లు 1 నుంచి 128 దాకా లెక్కిస్తారు. చాలా యాప్‌లు 0 నుంచి 127 దాకా లెక్కిస్తాయి. అలాంటి యాప్‌లో ఒకటి తగ్గించి కొట్టాలి. సితార్ 105 అని ఉంటే 104. డ్రమ్ కిట్లకి ఎంఎస్‌బీ 127.

నాలుగు చానెళ్లు పేర్చి ఒకే మీటకి ఫ్లూట్, స్ట్రింగ్స్, కోరస్, సితార్ కలిపి పలికించొచ్చు. మొదట్లో ఉత్సాహంగా ఉంటుంది, కానీ ఇక్కడ హద్దు త్వరగా తగులుతుంది. ఉన్నవి 48 నోట్లే. నాలుగు పొరలతో నాలుగు నోట్ల కార్డ్ పట్టుకుంటే కనీసం 16 ఖర్చు. పెడల్ తొక్కి కార్డ్ మారిస్తే ముందున్న నోట్లు తెగిపోతుంటాయి. రెండు పొరలు, మహా అయితే మూడు దగ్గర ఆగడం మంచిది. రెవర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) గురించి ఒక మాట: మిగతా ఆజ్ఞల్లా కాకుండా, రెవర్బ్ రకం మార్చే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశం (కంపెనీ తన వాద్యాల కోసం పెట్టుకున్న మిడీ ఆజ్ఞ) ప్యానెల్ వాయిస్‌ని కూడా మార్చేస్తుంది. అంతా కలగాపులగం అయిందనిపిస్తే ఎఫ్0 43 10 4సీ 00 00 7ఈ 00 ఎఫ్7 అనే ఎక్స్‌జీ (యమహా సొంత మిడీ పద్ధతి) రీసెట్ పంపితే చానెళ్లన్నీ మొదటికి వస్తాయి.

గుడిలో వాడేవాళ్లు ఇంకో రెండు గమనించాలి. ఈ పోర్టు గుండా ఆడియో కూడా వెళుతుంది కాబట్టి ఫోన్‌లో మోగేది కీబోర్డు స్పీకర్లలో వినిపిస్తుంది. తంబురా యాప్ పెట్టుకోవడానికి ఇది భలే సౌకర్యం, కానీ వాట్సాప్ మోత కూడా అలాగే వినిపిస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. పైగా కీబోర్డు ఫోన్‌ని ఛార్జ్ చేయదు, ఫోన్ నిండా ఛార్జింగ్‌తోనే బయల్దేరాలి.

కొనబోయేవాళ్లకి నా సలహా. కొంచెం తక్కువకి వస్తోందని పీఎస్ఆర్-ఈ273 గానీ ఎఫ్52 గానీ తీసుకుంటే వాటికి ఈ పోర్టే లేదు, పైన చెప్పిందేదీ కుదరదు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నా ముందు వెనక్కి తిప్పి 'టు హోస్ట్' అని రాసి ఉందో లేదో చూడండి. కేబుల్, ఫోన్ గొడవ మాకొద్దు, చేతికి అందేలా వీల్ ఉండాలి అనుకుంటే మన దేశం కోసమే తెచ్చిన పీఎస్ఆర్-ఐ500 ఉంది. దానికి పిచ్ బెండ్ వీల్, రెండు నాబ్‌లు, రియాజ్ (సాధన) కోసం తబలా-తంబురా ఏర్పాటు కూడా ఉన్నాయి. స్టేజీ ఎక్కి వాయించేవాళ్లు నేరుగా దానికే వెళ్లడం మంచిది. ఈ373 ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం కొత్తది కొనే ముందు ఒక ఓటీజీ కన్వర్టర్ తెచ్చుకుని, లోకల్ ఆఫ్ చేసి, ఆ షెహనాయి మీద రి నుంచి గ దాకా ఒకసారి జార్చి చూడండి. ఇంకా చాలదనిపిస్తే అప్పుడు కొనండి.