వియన్నా షోన్‌బ్రున్ ప్యాలెస్: బయట ఫొటో దిగి వచ్చేయకండి

తిరుపతి నుంచి యూరప్ ప్యాకేజీలకు వెళ్లేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. షోన్‌బ్రున్ అంటే ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం వాళ్ల వేసవి ప్యాలెస్. మీకిచ్చిన కాగితంలో "షోన్‌బ్రున్ ప్యాలెస్ – ఫొటో స్టాప్" అని ఉంటే బస్సు దిగి, ఆ పసుపు రంగు గోడల ముందు నిలబడి, నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ బస్సెక్కడమే. మా ట్రావెల్స్ వాళ్లు చేసింది అదే. అంత దూరం వెళ్లి, అంత డబ్బు పోసి, గడప దాటకుండా రావడం నాకు అస్సలు నచ్చలేదు. షాపింగ్‌కని వదిలేసిన టైమ్‌లో అమ్మను తీసుకుని, సొంతంగా టికెట్ కొని లోపలికి వెళ్లాను. మొత్తం టూర్‌లో నాకు బాగా గుర్తున్నది ఆ పూటే.

వెళ్లడం చాలా తేలిక. వియన్నా మెట్రోలో యూ4 లైన్ ఎక్కితే షోన్‌బ్రున్ పేరుతోనే స్టేషన్ ఉంటుంది. టికెట్ మన 300 రూపాయల దర్శనం టికెట్ లాగే, దాని మీద టైమ్ వేసి ఉంటుంది, ఆ టైమ్‌కే లోపలికి పంపిస్తారు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, సీజన్‌లో అక్కడికి వెళ్లాక కొనాలంటే మనకు కావలసిన టైమ్ దొరకడం కష్టం. చిన్న రూటు, పెద్ద రూటు అని రెండు రకాలుంటాయి. ఏ టికెట్‌లో ఏ గదులు వస్తాయో చూసుకుని పెద్దదే తీసుకోండి. ప్యాలెస్‌లో మొత్తం 1,441 గదులు, పెద్ద రూటులో మనం చూసేది దాదాపు 40.

ఆడియో గైడ్ టికెట్‌లోనే కలిసి ఉంది. తెలుగు లేదు, నేను ఇంగ్లీషులో విని అమ్మకు చెబుతూ నడిచాను. గదికి ఒక నంబరు, నొక్కితే ఆ గది కథ. సాగదీయకుండా, తేదీలతో ముంచెత్తకుండా, ఆ గదిలో ఎవరున్నారు, ఏం జరిగింది అన్నంత వరకే చెబుతుంది. అది లేకుండా తిరిగితే బంగారు పూతలు, అద్దాలు, షాండ్లియర్లు తప్ప ఏమీ మిగలదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఫ్రాంజ్ జోసెఫ్ పడకగది. 1848లో, 18 ఏళ్ల వయసులో గద్దెనెక్కి 68 ఏళ్లు ఏలిన ఆస్ట్రియా చక్రవర్తి. పుట్టింది ఈ ప్యాలెస్‌లోనే, 1830లో. పోయిందీ ఇక్కడే, 1916 నవంబరులో. ఆయన పడుకున్నది సన్నని ఇనుప మంచం! అమ్మ తాడు ఇవతల నిలబడి దాన్ని చాలాసేపు చూసి, "ఏంది నాయనా, చక్రవర్తికి ఇంత మంచమేనా?" అంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఫైళ్ల ముందు కూర్చునే మనిషి ఆయన. ఆ ఇంట్లో జరిగినవి తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. ఒక్కగానొక్క కొడుకు రుడాల్ఫ్ 1889లో వియన్నా దగ్గరి మేయర్లింగ్‌లో తన ప్రియురాలితో పాటు చనిపోయాడు. భార్య ఎలిజబెత్‌ను, అందరూ సిసి అని పిలిచే ఆవిడను, 1898లో జెనీవాలో ఒకడు పదునుపెట్టిన ఆకురాయితో పొడిచి చంపాడు.

సిసి బొమ్మ అక్కడి షాపుల్లో చాక్లెట్ డబ్బాల నుంచి గొడుగుల దాకా అన్నిటి మీదా ఉంటుంది. 16 ఏళ్లకే పెళ్లై ఆ దర్బారు మర్యాదల్లో ఇమడలేక ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషిని ఇలా అమ్ముకోవడం నాకు బాధగానే అనిపించింది.

మనవాళ్లు అసలు మిస్ కాకూడని గది మిలియన్ రూమ్. గోడలన్నీ ఖరీదైన ఎర్రచెక్క పలకలు, వాటి మధ్య బంగారు అంచుల చట్రాల్లో మన మొఘల్ చిత్రాలు. అవును, ఇండియా నుంచి వెళ్లిన మినియేచర్లే. 18వ శతాబ్దంలో ఆస్ట్రియాను ఏలిన మహారాణి మరియా థెరిసా కాలంలో రాజకుటుంబం వాళ్లే వాటిని కత్తిరించి, ఒక చిత్రంలో ముక్క ఇంకో చిత్రం పక్కన చేర్చి, కొత్త బొమ్మలుగా అతికించారట. దగ్గరగా చూస్తే తలపాగాలు, గుర్రాలు, చెట్ల కింద కూర్చున్నవాళ్లు ఎంత సన్నని గీతల్లో ఉన్నారో! వాటిని గీసిన చేతులు ఎవరివో, అలా కత్తెర వేయడానికి మనసెలా ఒప్పిందో అనిపించింది. చూసినంతసేపూ ముచ్చట, కోపం రెండూ ఉన్నాయి. ఆడియో గైడ్ ఇక్కడ ఇంకా చెప్పాల్సింది, చాలా తొందరగా ముగించేసింది.

ఆ పక్క గదులూ తక్కువేం కాదు. నల్ల లక్క పలకలతో ఉన్న గదిని మరియా థెరిసా 1765లో భర్త పోయాక ఆయన గుర్తుగా తయారు చేయించింది. 16 మంది పిల్లల్ని కని, రాజ్యం నడిపిన ఆవిడ చివరిదాకా నల్లబట్టలే కట్టింది. ఆవిడ చిన్న కూతురే ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోయినెట్. నెపోలియన్ గదిలో, ఈ ఇంటి ఆడపడుచుతో ఆయనకు పుట్టిన కొడుకు పెంచుకున్న చిన్న పిట్ట ఉంది, అది చచ్చాక బొమ్మలా చేసి దాచారు. ఆ పిల్లాడు కూడా 21 ఏళ్లకే క్షయతో ఇక్కడే పోయాడు. నీలం రంగు చైనా గదిలో 1918 నవంబరు 11న చివరి చక్రవర్తి కార్ల్ పాలన నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు, ఆరు వందల ఏళ్లకు పైబడిన హాబ్స్‌బర్గ్‌ల ఏలుబడి దాంతో సరి.

ఇంకో సంగతి. గదుల్లో తెల్లటి పింగాణీ పొయ్యిలు ఉంటాయి, కానీ కట్టెలు పెట్టే తలుపు ఎక్కడా కనిపించదు. పనివాళ్లు గోడల వెనక సన్నటి దారుల్లో తిరుగుతూ అటువైపు నుంచే మంట వేసేవాళ్లు, దొరల గదుల్లో బూడిద పడకూడదని, మనిషి కనపడకూడదని. ఆ వెనక దారులు కూడా చూపిస్తే ఎంత బాగుండు!

లోపాలు చెప్పాలంటే, జనం ఎక్కువ, గుంపులు వస్తే తాడు పక్కన నిలబడి వినడం ఇబ్బంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోవడానికి చోటు తక్కువ. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. తోట మాత్రం టికెట్ లేకుండానే తిరగొచ్చు, ఎత్తు మీద ఉన్న గ్లోరియెట్ అనే మండపం దాకా నడిస్తే ఊరంతా కనిపిస్తుంది.

నా వైపు నుంచి ఐదుకి నాలుగున్నర. పెద్దవాళ్లతో వెళ్తుంటే పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి, గదులు అయ్యాక కాసేపు కూర్చుని ఆ తర్వాతే గుట్ట ఎక్కండి. ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందే షోన్‌బ్రున్ లోపలి టికెట్ ఉందా లేదా అని అడిగి, ఉందంటే కాగితం మీద రాయించుకోండి.