9 ఏళ్లు, 1,15,000 కిలోమీటర్లు: నా చిన్న కారు చప్పుళ్ల లెక్క

1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న ఈ హ్యాచ్‌బ్యాక్‌ను కొన్ననాటి నుంచి నేనే నడుపుతున్నాను. ఇంతవరకు ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదు. మైలేజీ గురించి, సీట్ల సౌకర్యం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పాతబడిన చిన్న కారు చేసే చప్పుళ్ల గురించి వివరంగా చెప్పేవాళ్లే తక్కువ. నాకు మనశ్శాంతి లేకుండా చేసినవి అవే.

డబ్బు వృథా అయిన సంగతి ముందు చెబుతాను. 60,000 కిలోమీటర్లు దాటాక ముందు చక్రాల దగ్గర టక్ టక్ మని మొదలైంది. వర్క్‌షాపులో షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. నమ్మి రెండూ మార్పించాను. మర్నాడు అదే గుంతలో అదే టక్. నిజానికి పాతవాటికి నూనె కారిన జాడ లేదు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే బండి ఒక్క ఊపుతో నిలిచేది, అంటే షాకులు బాగానే ఉన్నట్టు. ఆ రెండూ ముందే చూసుకోవలసింది.

ఆ తర్వాత వారం రోజులు శ్రద్ధగా విన్నాను. స్పీడ్ బ్రేకర్‌ను రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే చప్పుడు లేదు. ఒక్క చక్రమే గుంతలో పడితే ఉంది. ముందు చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్ అవి వేరువేరుగా కదిలినప్పుడే మెలి తిరుగుతుంది. దాని చివర్లలో ఉండే లింక్ రాడ్ల కీళ్లు అరిగి ఆడుతున్నాయి. షాకులతో పోలిస్తే ఆ రాడ్ల ధర చాలా తక్కువ. అవి మార్చగానే టక్ పోయింది. కారు ఒళ్లంతా ఇనుపరేకు కాబట్టి శబ్దం పుట్టిన చోటు ఒకటైతే వినిపించే చోటు మరొకటి. అందుకే ఎక్కడ వినిపించిందని వెతకడం మాని ఏ వేగంలో, ఏ మలుపులో, బ్రేకు నొక్కితేనా వదిలితేనా అని రాసిపెట్టుకోవడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

ఆ అలవాటు 85,000 దగ్గర పనికొచ్చింది. 50 దాటితే సన్నటి హోరు, వేగంతో పాటు పెరిగేది. టైర్లే అనుకున్నాను. కానీ టైరు హోరు రోడ్డు నున్నగా మారితే మారాలి, ఇది మారలేదు. పైగా బండి కుడివైపు తిరిగినప్పుడు గట్టిపడి, ఎడమకు తిరిగితే తగ్గేది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే ముందు ఎడమ బేరింగ్‌లో గరగర తెలిసింది. దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. పూర్తిగా పాడైన బేరింగ్ చక్రానికే ప్రమాదం.

భయపెట్టి తేలిపోయినవీ ఉన్నాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు కింద లటలటలాడి, ఆక్సిలరేటర్ కాస్త నొక్కగానే మాయమయ్యే చప్పుడు సైలెన్సర్ పైన ఉండే హీట్ షీల్డ్ అనే రేకుది. తుప్పుపట్టిన బోల్టు దగ్గర వదులైంది. పైపు పూర్తిగా చల్లారాక క్లిప్పు వేసి బిగిస్తే సరిపోయింది. రేకును పీకేయమన్నారు గానీ ఒప్పుకోలేదు, పైపు వేడి నేలరేకుకు తగలకుండా ఆపేది అదే. వాన తర్వాత ఉదయం బ్రేకుల్లో వచ్చే బరబర డిస్కు మీది పలచని తుప్పు, నాలుగైదు బ్రేకులకు పోతుంది. పోకుండా కీచుమంటూనే ఉంటే ప్యాడ్లు చూపించాలి.

ఒక వేసవిలో డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు తొణికిన చప్పుడు, ముందు సీటు కింద చాపంతా తడి. ఏసీ నీళ్లు బయటికి పోయే సన్నటి గొట్టంలో మట్టి పేరుకుంది. శుభ్రం చేయగానే రెండూ పోయాయి. తాళం తిప్పితే టిక టికమని ఊరుకున్న రోజు బ్యాటరీ చచ్చిందనుకున్నాను. కొలిస్తే 12.6 వోల్టులు ఉన్నాయి, అంటే ఛార్జ్ నిండుగానే ఉంది. టెర్మినళ్ల మీది తెల్లటి పొడి తుడిచి బిగించాక ఆ బ్యాటరీ మరో రెండేళ్లు నడిచింది.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచితే గేర్‌బాక్స్ నుంచి సన్నగా గుర్రుమంటుంది, క్లచ్ నొక్కగానే ఆగిపోతుంది. నొక్కినప్పుడు వచ్చేదైతే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించేవాణ్ణి. నొక్కితే ఆగుతోంది కాబట్టి, క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్‌తో పాటు తిరిగే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీదే నా అనుమానం. గేర్ ఆయిల్ మార్పించాను, కొంత తగ్గింది. పాత నూనెలో లోహపు తునకలేమీ కనిపించలేదు. మరో 5,000 కిలోమీటర్లు విని, పెరిగితే గేర్‌బాక్స్ దింపిస్తాను.